దీపాలు పెట్టాక పెరుగు తోడు

పడమటి కొండల మీద సూర్యుడు కుంకుమ భరిణె బోర్లించినట్టు ఎర్రగా ఒలికిపోతున్నాడు. మేఘాల అంచులకు పసిడి జరీ. లోయల నిండా ఊదారంగు పట్టు. ఆ పట్టు మీద వెండి తీగలా వంపులు తిరుగుతూ శంఖిణీ నది. ఇంతటి శోభను తిలకించే తీరిక చిత్రధ్వజ రాకుమారుడికి లేదు. ఆ క్షణాన ఆయన ఎగిరే గేదె మెడకు తలకిందులుగా వేలాడుతున్నాడు.

గేదెకు రెక్కలుండటం ఒక వింత. రెక్కలున్నా గేదె బుద్ధే ఉండటం ఇంకో వింత. ఆకాశంలో ఎంత ఎత్తున ఉన్నా, కింద నీటిగుంట కనబడితే చాలు, రెక్కలు ముడిచి దిగబడిపోతుంది. దాన్ని అప్పగించేటప్పుడే శృంగభేరి మహాముని చెప్పాడు, "నాయనా, గుర్రాలన్నీ నీకంటే ముందొచ్చిన రాకుమారులు పట్టుకుపోయారు. ఉన్నది ఇదే. పాలు కూడా ఇస్తుంది" అని.

వెనక నల్లమబ్బు మీద గండకర్ణుడనే రాక్షసుడు తరుముకొస్తున్నాడు. వాడు విసిరిన పిడుగు సరిగ్గా గేదె వీపుకి గురిచూసి వచ్చింది. సరిగ్గా అప్పుడే గేదెకు కొండ కొమ్మున ఓ బురదగుంట కనబడింది. పిడుగు ఖాళీ ఆకాశంలో పేలింది. గేదె గుంటలో పడింది. రాకుమారుడు గేదె కింద పడ్డాడు.

ఇంత ప్రాణాపాయం ఎందుకు వచ్చిపడిందంటే, పెరుగు వల్ల.

పదేళ్ళ కిందట, చిత్రధ్వజుడు పదహారేళ్ళ పడుచువాడై కొత్తదల్లా గొప్పదనుకునే రోజుల్లో, రేవుపట్నం తిరునాళ్ళలో శీతలాక్షుడనే మాంత్రికుడు కలిశాడు. ఏడు సముద్రాల అవతల హిమకుంభ ద్వీపం వాడిది. "ఇకమీదట మీ దేశంలో ఎవరూ పాలు కాయనక్కర్లేదు, తోడు వేయనక్కర్లేదు, పిల్లి మీద ఓ కన్నేసి పడుకోనక్కర్లేదు. తెల్లవారేసరికి గుమ్మంలో పెరుగు కుండ ఉంటుంది. ఇక్కడో సంతకం" అన్నాడు. రాకుమారుడు చేశాడు. ఆనాటి నుంచి కనకశృంగ దేశంలో ప్రతి ఇంటి ముందూ తెల్లకొంగలు వాలి, పాలకుండలు ముక్కున కరచుకుని ఏడు సముద్రాలు దాటిపోయేవి. ఆ పాలే పెరుగై, ద్వీపం ముద్ర వేయించుకుని, తిరిగి అదే గుమ్మానికి వచ్చేవి. ఛప్పన్న దేశాల్లో ఎక్కడ తిన్నా ఒకటే రుచి. అంటే రుచి లేదన్నమాట అని ముసలివాళ్ళు గొణిగారు. ముసలివాళ్ళు ఏది గొణగరు గనక! ఆడవాళ్ళు సంతోషించారు. గిన్నెలు తోమేది వాళ్ళే కాబట్టి అందులో తప్పు పట్టడానికీ లేదు. మూడేళ్ళు తిరిగేసరికి దేశం మొత్తం గాలించినా తోడు వేయడానికి చెంచాడు ఇంటి పెరుగు మిగల్లేదు.

నిన్న తెల్లవారేసరికి కొంగలు రావడం మానేశాయి. బదులుగా కబురొచ్చింది. "మూడో రోజు సూర్యుడు నడినెత్తికి వచ్చేలోగా, మీ దేశపు సొంత తోడుతో తోడుకున్న పెరుగు ఒక్క చెంచా రాజుగారి విస్తట్లో పడాలి. పడితే నా మంత్రం విరుగుతుంది. పడకపోతే రాజముద్రిక నాది, దేశం నాది. సంతకం చేసిన రాకుమారుడు నా కొంగల్లో ఒకడు."

ఇవాళ రెండో రోజు. రాకుమారుడి మోచేతుల మీద అప్పుడే తెల్లటి ఈకలు లేచాయి. నిలబడితే ఒక కాలు దానంతటదే పైకి ముడుచుకుంటోంది. ఉదయం ఓ మడుగు దగ్గర ఆగినప్పుడు కప్పలను చూసి నోట్లో నీళ్ళూరాయి. సిగ్గుపడి మొహం తిప్పుకున్నాడు. తిప్పుకున్నాక మళ్ళీ చూశాడు.

దేశంలో ఇంటి తోడు బతికున్న చోటు ఒక్కటే మిగిలిందని ముని దివ్యదృష్టితో కనిపెట్టి చెప్పాడు. అది ఏడిళ్ళ కొండ. పదేళ్ళ కిందట కొంగలు అక్కడా వాలాయి. కానీ ఆ ఏడిళ్ళవాళ్ళు ఏ సంగతిలోనూ ఒక మాట మీద నిలిచిన పాపాన పోలేదు. ఒకరికి పెరుగు గడ్డలా ఉండాలి, ఒకరికి జారుగా ఉండాలి, ఇంకొకరికి పళ్ళు పులిసేలా ఉండాలి. ఒకే రకం పెరుగు చూసేసరికి ఏడుగురికీ ఒళ్ళు మండి, కుండలు వెనక్కి కొట్టారు. కొంగలు మళ్ళీ అటు పోలేదు.

రాకుమారుడు గుంటలోంచి లేచి, కళ్ళ మీది బురద తుడుచుకుని, ఎదురుగా కనబడిన మొదటి ఇంటికి పరుగెత్తాడు. అరుగు మీద డెబ్బయ్యేళ్ళ ముసలమ్మ నిలబడి ఉంది. పేరు నాంచారమ్మ. ఆమె గుంటలో పొర్లుతున్న గేదెను చూసింది, రాకుమారుణ్ణి చూసింది, మళ్ళీ గేదెనే చూసింది.

"దానికి రెక్కలున్నాయేమిటయ్యా?"

"అది ఎగిరే గేదె అవ్వా."

"ఎగిరితే ఎగిరింది గానీ, పూటకెన్ని పాలిస్తుంది?"

"అవ్వా, నేను కనకశృంగ రాకుమారుణ్ణి. దేశానికి ఆపద వచ్చింది. ఒక్క చెంచా పెరుగు తోడు ఇప్పించు తల్లీ. నీ పేరు చెప్పుకుని దేశమంతా బతుకుతుంది!"

నాంచారమ్మ లోపలి గూడు వైపు చెయ్యి చూపించింది. గూట్లో ప్రమిద వెలుగుతోంది. వత్తి ఇంకా పూర్తిగా అంటుకోనైనా లేదు.

"ఇప్పుడే దీపం పెట్టాను నాయనా."

"చాలా బాగుంది. తోడు?"

"దీపం పెట్టాను అంటుంటే! దీపం పెట్టాక ఉప్పు, సూది, పెరుగు గడప దాటవు. మా అమ్మ ఇవ్వలేదు, మా అత్త ఇవ్వలేదు. మా అత్త అయితే దీపం పెట్టకముందు కూడా ఇచ్చేది కాదనుకో. పొద్దున్నే రా, దొన్నెలో పోసి మర్యాదగా ఇస్తాను."

రాకుమారుడు లెక్క చెప్పాడు. ఇప్పుడు బయల్దేరితే కోట పొలిమేర చేరేసరికి సగం రాత్రి. అప్పుడు తోడు వేస్తే పొద్దెక్కేసరికి పెరుగు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి దారిలోనే ఉంటాడు, అదీ కొంగై. నాంచారమ్మ శ్రద్ధగా విని, "అయ్యో పాపం" అంది. కదల్లేదు.

"ఇది రాజాజ్ఞ!" అన్నాడు.

"మీ రాజుగారింట్లో దీపాలు పెట్టాక పెరుగిస్తారా?"

రాకుమారుడికి తెలీదు. వాళ్ళింట్లో ఎవరూ ఎవరినీ పెరుగు అడిగి ఎరగరు.

బయట ఆకాశంలో మబ్బు ఉరిమింది. శీతలాక్షుడు పంపిన గండకర్ణుడు కొండ చుట్టూ గాలిస్తున్నాడు. రాకుమారుడికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఒక్క గంతులో గూడు దగ్గరకు దూకి, "ఉఫ్" మని దీపం ఊదేశాడు.

"ఇప్పుడు దీపం పెట్టలేదు కదా అవ్వా!"

ఆ తర్వాత ఆ చీకట్లో జరిగింది ఏ వీరగాథలోనూ రాయదగినది కాదు. దీపం మళ్ళీ వెలిగేసరికి నాంచారమ్మ చేతిలో చీపురుకట్ట ఉంది. రాకుమారుడు దూలం మీద ఉన్నాడు. అంత ఎత్తుకు ఎలా ఎగిరాడో ఆయనకే తెలీదు. చూసుకుంటే ఈకలు మోచేతులు దాటి భుజాల దాకా పాకాయి. దూలం మీద కూడా ఒంటికాలి మీదే నిలబడ్డాడు.

"సంధ్యవేళ దీపం ఊదుతావా, నీ చేతులు పడిపో..." అనబోయి, ఆ చేతుల వంక చూసి నాంచారమ్మ ఆగిపోయింది. చీపురు పక్కన పెట్టింది. "నిజంగానే కొంగవవుతున్నావా అబ్బీ?"

"రేపు మధ్యాహ్నానికి పూర్తవుతుంది."

నాంచారమ్మ కాసేపు బుగ్గ నొక్కుకుంది. తర్వాత గోడవైపు తిరిగి, చేతులు కట్టుకుని, గోడతో మాట్లాడటం మొదలుపెట్టింది.

"నేను చచ్చినా ఇవ్వను. దొంగలెవరైనా పడి ఎత్తుకుపోతే ఒంటిగా ఉండే ముసలిదాన్ని నేనేం చెయ్యగలను? నా కళ్ళు గోడవైపు ఉన్నాయి. చూసి ఎరగను."

రాకుమారుడు ఈ మాటల్లో అర్థం వెతుక్కుంటూ దూలం మీదే ఉన్నాడు.

"దిగవయ్యా! దొంగలు అక్కడే ఉంటే పనెలా అవుతుంది?"

రాకుమారుడు దిగాడు. ఆయన కత్తిసాము చేశాడు, మదపుటేనుగును లొంగదీశాడు, మొసలి నోట్లోంచి ముంజేయి లాక్కున్నాడు. కానీ వంటింట్లో ఒక వస్తువు తన చేత్తో తీసుకున్న అనుభవం లేదు. ఉట్టి లాగాడు, అది ఊగి నుదుటికి కొట్టింది. మూకుడు జారింది.

"అది నేతి దుత్త," అని నాంచారమ్మ గోడకు చెప్పింది. "ఎడమ చేతివైపు ఉట్టి. రెండో దుత్త. మొదటిదాంట్లో ఊరగాయ. ఛీ, వేలు పెట్టకు! గరిటె ఎందుకు కనిపెట్టారు? మీగడ పక్కకు నెట్టి కిందది తీసుకో. మీగడ రేపు నాక్కావాలి."

రాకుమారుడు తాంబూలం వేసుకునే వెండి పెట్టెను ఖాళీ చేసి, కడిగి, నాంచారమ్మ "మళ్ళీ కడుగు" అంటే మళ్ళీ కడిగి, అందులో గరిటెడు తోడు పోసుకున్నాడు. పులుపు ఘాటు ముక్కుకు తగిలింది. పదేళ్ళుగా మరిచిపోయిన వాసన అది. కళ్ళు చెమ్మగిల్లాయి.

"వస్తాను అవ్వా."

"ఆగాగు. నేను అరవాలి."

"ఎందుకు?"

"దొంగ పడితే అరవకుండా ఊరుకుంటే, ఇచ్చినట్టే కాదూ?"

"మెల్లగా కేకపెట్టు అవ్వా. వెనక రాక్షసుడున్నాడు."

"అరిస్తే అరిచినట్టుండాలి," అని నాంచారమ్మ కొంగు బొడ్లో దోపుకుని, ఊపిరి పీల్చి, "దొంగా! దొంగా!" అని కొండ మారుమోగేలా కేకపెట్టింది.

రెప్పపాటులో మిగతా ఆరిళ్ళ తలుపులూ తెరుచుకున్నాయి. రోకళ్ళు, కవ్వాలు, పప్పుగుత్తులు, ఒక చేత చేట, ఒక చేత సగం కలిపిన అన్నం ముద్ద. ముందు గంగులప్ప అనే బండమనిషి, ఆయన వెనక ఆయనతో ఆరు నెలలుగా మాటల్లేని రాగమ్మ. ఏడాది పొడుగునా పోట్లాడుకునే ఆ ఏడిళ్ళవాళ్ళకు ఒక్క కేక వినబడితే చాలు, ఎవరెక్కడ నిలబడాలో చెప్పనక్కర్లేదు. ఇద్దరు పెరటి దారి కాశారు, ఇద్దరు బావి దగ్గర, ముగ్గురు వాకిట్లో.

అప్పుడే గండకర్ణుడు వాకిట్లో దిగాడు. కామరూపి కదా, ముసలిదాన్ని బుట్టలో వేసి దుత్తలన్నీ పగలగొట్టే ఉపాయంతో, రాకుమారుడి రూపం ధరించి మరీ దిగాడు. తలపాగా, పట్టు అంగీ, కస్తూరి తిలకం. ఎదురుగా బురద ఓడుతూ ఈకలు లేచిన అసలు రాకుమారుడు. గంగులప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"వీళ్ళల్లో దొంగెవడు నాంచారత్తా?"

నాంచారమ్మ ఇంకా గోడవైపే ఉంది. "నేను చూళ్ళేదురా. చూసి ఎరగను."

చిత్రధ్వజుడు రాచబిడ్డ. అబద్ధం నోట రాలేదు. "రాకుమారుణ్ణి నేనే. తోడు దొంగిలించినవాణ్ణీ నేనే" అన్నాడు.

గండకర్ణుడు కంగారుపడ్డాడు. వాడికి గురువు నేర్పింది ఒక్కటే: అసలువాడు ఏది అంటే అది తానేనని బల్లగుద్ది చెప్పాలి. "నమ్మకండి! వాడు మాయావి. అసలు రాకుమారుణ్ణి నేను. దొంగిలించింది ముమ్మాటికీ నేనే!"

రాకుమారుడు ఒక్క క్షణం ఆలోచించాడు.

"అంత గట్టిగా చెబుతున్నాడంటే ఆయనే అయ్యుంటాడు," అని మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు.

రాగమ్మ పప్పుగుత్తి ముందు పడింది. తర్వాత రోకలి. తర్వాత ఏది ఎవరిదో తేల్చడం కష్టం. గండకర్ణుడు నొప్పికి మాయ మరిచిపోయి తాడిచెట్టంత నిజరూపానికి పెరిగిపోయాడు, కోరలు, చేటంత చెవులు, నిప్పుల కళ్ళు. నగరాల్లో వాడా రూపం చూపిస్తే చాలు. ఒక గుమ్మంలో అరుపు వినబడగానే పక్క గుమ్మానికి గడియ పడేది. వాడికి అదే అలవాటు. ఇక్కడ గంగులప్ప తలెత్తి చూసి, "పొడుగెక్కువ. మన బావి చేంతాడొక్కటే సరిపోదు. రాగమ్మొదినా, మీది కూడా పట్రా" అన్నాడు. ఆరు నెలల తర్వాత ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది. "మాది కొత్త తాడు, జాగ్రత్త" అని ఆమె తెచ్చింది. ఏడిళ్ళ చేంతాళ్ళూ ముడేసి, రాక్షసుణ్ణి కొండరాయికి కట్టేశారు. ముడి ఎలా వెయ్యాలనే దగ్గర మాత్రం రెండు పక్షాలుగా చీలి, చివరికి రెండు రకాలుగానూ వేశారు.

కట్లలో ఉండి కూడా గండకర్ణుడు వికటాట్టహాసం చేశాడు. "ఏం లాభంరా రాకుమారా! కోట చుట్టూ లక్ష కొంగలు కాపలా ఉన్నాయి. కుండ కనబడితే ముక్కుతో పొడిచి పగలగొడతాయి. ఒక్క ముసలిదాని తోడు, ఒక్క కుండ. ఎక్కడికి తీసుకుపోతావు?"

ఆ మాటలోని అసలు అవమానం ముందుగా రాగమ్మకు తట్టింది.

"ఒక్క నాంచారత్త తోడేమిటి? దేశమంతా ఈమె పెరుగే తినాలా? నోట పెట్టలేనంత పులుపు! ఇదిగో అబ్బాయ్, మా ఇంట్లో కూడా దొంగతనం చెయ్యి. నేనూ గోడవైపు తిరుగుతాను."

"మాది గడ్డపెరుగు," అన్నాడు గంగులప్ప. "ముందు మా ఇంట్లో పడు."

"మేమేం పాపం చేశాం? పెరటి తలుపు తీసే ఉంది!"

గడియ తిరక్కుండా ఆ కొండ మీద ఆరు దొంగతనాలు, ఆరు కేకలు. ప్రతి కేకకూ ఊరంతా ఆయుధాలతో పరుగెత్తుకొచ్చి, "మళ్ళీ నువ్వేనా" అని వెనక్కి పోయేవాళ్ళు. ఆరు రకాల తోడు ఆరు దొన్నెల్లో నిండింది. నాంచారమ్మ తోడున్న వెండి పెట్టెతో రాకుమారుడు గేదెనెక్కాడు. ఆరు దొన్నెలూ పట్టుకుని ఏడిళ్ళవాళ్ళు ఆరు దారుల్లో కొండ దిగారు. కింది ఊళ్ళో మేనత్త ఉంది ఒకరికి, వియ్యపురాలు ఉంది మరొకరికి. మేనత్త పాలలో ఓ చుక్క, ఆమె పొరుగింటి పాలలో ఓ చుక్క. దీపాలు పెట్టేశారు కాబట్టి ప్రతి గడప దగ్గరా ఒకరు గోడవైపు తిరగడం, ఒకరు గరిటె ముంచడం, ఒకరు కేకపెట్టడం. ఆ ఒక్క రాత్రి కనకశృంగ దేశంలో జరిగినన్ని దొంగతనాలు అంతకుముందు వెయ్యేళ్ళలో జరగలేదు. అన్నీ పెరుగు దొంగతనాలే. ఊరూరా తలారులు కేకల వెంట పరుగెత్తి పరుగెత్తి, చివరికి వాళ్ళ ఆడవాళ్ళు పురమాయిస్తే తామూ ఒక ఇంట పడ్డారు.

మర్నాడు పొద్దెక్కింది.

కోట గోడలు పాలరాతి కొండల్లా ధగధగ మెరుస్తున్నాయి. బురుజుల మీద లక్ష కొంగలు మల్లెమొగ్గలు పరిచినట్టున్నాయి. కోట బయట కుమ్మరివాడలో, పదేళ్ళుగా తిరగని సారె పక్కన, రాకుమారుడు ఓ చిన్న ముంత మీది మూకుడు తీశాడు. వంచాడు. పెరుగు కదల్లేదు. గేదె పాలు, గట్టిగా తోడుకుంది.

అప్పటికే నాలుగు ద్వారాల వైపూ నలభై ఊళ్ళ ఆడవాళ్ళు నెత్తిన కుండలతో బారులు తీరారు. కొంగలు రివ్వున దిగాయి. ఒక కుండ పగిలింది, వెనక రెండు వచ్చాయి. రెండూ పగిలాయి, పక్క వీధి నుంచి నాలుగు వచ్చాయి. పెరుగులో తడిసిన కొంగలు రెక్కలు విదిలించుకోలేక నడిచి వెళ్ళసాగాయి. "ఇది రెండో ఇంటిది, ఇంకా అయిదిళ్ళున్నాయి, పొడుచుకో" అని ఓ ఇల్లాలు కొంగకు నచ్చజెబుతోంది. ద్వారాల దగ్గర రభస పెరిగేకొద్దీ బురుజుల మీది కొంగలన్నీ అక్కడికే దిగాయి. కానీ ఇంతవరకు ఒక్క కుండా లోపలికి పోలేదు. నీడలు పొట్టివై కాళ్ళ కిందకు చేరుతున్నాయి.

ముంత మొలకు కట్టుకుని గేదెనెక్కబోయిన రాకుమారుడు జారిపడ్డాడు. పట్టుకోవడానికి వేళ్ళు లేవు. రెండు చేతులూ రెక్కలైపోయాయి. "అమ్మా" అనబోతే నోరు పొడుగ్గా సాగి, "క్రేంక్" మంది.

ఏడవడానికి కూడా గడువు లేదు. ఆయన ముంత తాడును ముక్కున కరచుకుని, రెండడుగులు పరుగెత్తి, గాల్లోకి లేచాడు.

లక్ష కొంగల్లో లక్షా ఒకటో కొంగను ఎవరు లెక్కపెడతారు? కొంగల దండనాయకుడు పక్కనే ఎగురుతూ, ముంత వంక అనుమానంగా చూశాడు. రాకుమారుడు ఇప్పుడే ఎక్కడో లాక్కొచ్చి పగలగొట్టబోతున్నట్టు మొహం పెట్టాడు. దండనాయకుడు మెచ్చుకోలుగా రెక్క ఊపి, ద్వారం వైపు వెళ్ళిపోయాడు.

గోడ దాటాడు. రెండో ప్రాకారం దాటాడు. మేడ మీద వెండి పీట వేసుకుని వీరభల్లట మహారాజు కూర్చున్నాడు. ముందు అరటి విస్తరి. విస్తట్లో అన్నం ముద్ద, పక్కన ఖాళీ. ఎడమవైపు మంత్రి రాజముద్రిక పట్టుకుని నిలబడ్డాడు. కుడివైపు శీతలాక్షుడు మంచుకళ్ళతో స్తంభం నీడను చూస్తున్నాడు. నీడ ఇంకా రెండు వేళ్ళుంది.

మహారాజు తలెత్తాడు. మూడు రోజులుగా దేశాన్ని చెరపట్టిన తెల్లకొంగల్లో ఒకటి సరాసరి తన విస్తరి మీదికే దిగుతోంది. ఆయన మీసాలు అదిరాయి.

"నా భోజనం దగ్గరికే వస్తావటే, దొంగపక్షీ!" అని పక్కనున్న విల్లు అందుకుని, నారి చెవిదాకా లాగాడు.

"నాన్నగారూ, నేను" అనాలంటే ముక్కు తెరవాలి. తెరిస్తే ముంత మేడ కింద రాళ్ళ మీద పడుతుంది. నీడ ఒక వేలయింది. శీతలాక్షుడు చెయ్యి చాచి ముద్రిక అడుగుతున్నాడు. విల్లు వంగింది, బాణం వదిలింది.

వీరభల్లట మహారాజు దయామయుడు, ధర్మాత్ముడు. కానీ ఆయన విడిచిన బాణం గురికి తగలడం ఆ కోటలో చూసినవాళ్ళెవరూ లేరు. కన్నకొడుకుగా చిత్రధ్వజుడికి ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. ఆ ఒక్క నమ్మకం మీద ముక్కు బిగించి, రెక్కలు ముడిచి, బాణానికి ఎదురుగానే విస్తట్లోకి దూకాడు.